టిబ్స్ ఎడమ బూటు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే అక్రన్ జట్టులో కొత్తగా చేరినవాడు పాతవాళ్ళకు ఊడిగం చేయాలి. వాళ్ళ హెల్మెట్లు మోయాలి, బస్సు కదిలేలోపు వేయించిన కోడి డబ్బాలు పట్టుకురావాలి, భోజనాల దగ్గర బల్ల ఎక్కి తన కాలేజీ పాట పాడాలి. కెండ్రెల్ బ్రూసార్డ్ ఇవన్నీ నవ్వుతూనే చేశాడు. లూసియానాలోని ఒపలూసస్‌లో అమ్మమ్మ వెర్నీస్ చేతికింద పెరిగినవాడికి పనంటే నామోషీ ఎందుకుంటుంది? ఒక్కటి మాత్రం మింగుడుపడలేదు. రోడెరిక్ టిబ్స్ ఎడమ బూటు.

టిబ్స్ పదకొండేళ్ళుగా ఆ జట్టుకు కార్నర్. బంతి అందుకోవడానికి దూసుకొచ్చే అవతలివాడిని నీడలా అంటిపెట్టుకోవడం కార్నర్ పని. వాడు ముందుకు చూస్తూ పరుగెడతాడు, వీడు వెనక్కి పరుగెత్తాలి. పాతికేళ్ళ వాళ్ళకే నడుములు పట్టేసే ఆ పనిలో టిబ్స్ ముప్పై మూడేళ్ళు వచ్చినా నిలబడ్డాడు. రోజూ పొద్దున సాధనకు ముందు బెంచీ మీద దొరలా కూర్చుని ఎడమకాలు చాపేవాడు.

"ఏరా కొత్తోడా, లేసు."

"కుడికాలికి నువ్వే కట్టుకున్నావుగా బాబాయ్?"

"కుడికాలు నాది, ఎడమకాలు నీది. వంగు."

గదంతా గొల్లుమనేది. కెండ్రెల్ మోకాళ్ళ మీద కూర్చుని కట్టేవాడు. పదో రోజో పన్నెండో రోజో అసలు సంగతి తట్టింది. అది పొగరు కాదు. మనిషికి ఎడమ తుంటి వంగడం లేదు. లేసు అందుకునేంత వంగితే ప్రాణం పోతోంది. డాక్టరుకు తెలిస్తే సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడుతుంది, అందుకని నొప్పికి పొగరు ముసుగేశాడు. కెండ్రెల్‌కు జాలేసింది. ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి మధ్యలో ఊడకుండా రెండు ముళ్ళు వేయసాగాడు.

టిబ్స్ కూడా ఒక మంచి చేశాడు, అబద్ధమెందుకు. ఒకరోజు లేసు కట్టించుకుంటూ గొంతు తగ్గించి అన్నాడు: "బంతి మీదికి దూకే ముందు నువ్వు ఎడమ గ్లౌజు పట్టీ లాగుతావు. దూకనప్పుడు లాగవు. మానుకోరా. నేను చూశాను కాబట్టి చెప్తున్నా, అవతలోడు చూస్తే చెప్పడు."

"థాంక్స్ బాబాయ్."

"థాంక్స్ నీ దగ్గరే ఉంచుకో. ముడి గట్టిగా వెయ్యి."

ఉన్నది ఒక్క కార్నర్ చోటు, మనుషులు ఇద్దరు. ఆగస్టు ఆఖరున, అసలు పోటీలకు ముందు ఆడే, లెక్కలోకి రాని చివరి ఆటలో ఎవరుంటారో తేలాలి. మూడో భాగంలో, ఆట మొదలవబోతుండగా టిబ్స్ దగ్గరికొచ్చి కెండ్రెల్ భుజం తట్టాడు. "ఈసారి నీ వెనక మనిషి కాపలా ఉన్నాడు. బంతి దగ్గర్లోకే విసురుతారు, కళ్ళు మూసుకుని దూకెయ్." కెండ్రెల్ నమ్మాడు, దూకాడు. బంతి అతని తల మీదుగా వెళ్ళిపోయింది. వెనక పురుగు కూడా లేదు. అవతలివాడు అరవై గజాలు షికారుకు వెళ్ళినట్టు వెళ్ళి టచ్‌డౌన్ కొట్టాడు.

కోచ్ హాస్కెల్ నిప్పులు తొక్కినట్టు వచ్చాడు. కెండ్రెల్ నోరు తెరిచేలోపే టిబ్స్ అందుకున్నాడు. "పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నా కోచ్, వెనక ఎవడూ లేడు, దూకకూ అని. వీడు వింటేగా!"

మర్నాడు ఆఫీసు మనిషి వచ్చి, "కోచ్ పిలుస్తున్నారు, టాబ్లెట్ కూడా తెచ్చుకో," అన్నాడు. జట్టు ఎత్తుగడలన్నీ ఉండే ఆ టాబ్లెట్ తెచ్చుకోమంటే అర్థం ఒక్కటే. సంచీ భుజాన వేసుకుని బయటికి నడుస్తుంటే టిబ్స్ బెంచీ మీదే ఉన్నాడు. ఎడమకాలు చాపాడు. "వెళ్తూ వెళ్తూ లేసు కట్టిపోరా."

కెండ్రెల్ మోకాళ్ళు అలవాటుగా వంగాయి. కట్టేశాడు. ఒపలూసస్ బస్సు సగం దారి దాటాక గానీ తాను చేసిన పనేమిటో అతనికి తెలిసిరాలేదు. జట్టులోంచి తీసేసినందుకు కాదు, ఆ లేసు కట్టినందుకు పళ్ళు పటపట కొరికాడు.

కిరాణా గోదాములో లారీల సరుకు దించే పనికి కుదిరాడు. పని అయ్యాక వరదకట్ట మీద వెనక్కి పరుగెత్తేవాడు, వెనక్కి, మళ్ళీ వెనక్కి. వెర్నీస్ మార్పుచేప వేయిస్తూ గొణిగేది.

"వాడి సంగతి దేవుడు చూసుకుంటాడు, తిండి తినరా."

"ఆదివారం దేవుడికి ఊపిరాడదు అమ్మమ్మా, చర్చిలన్నీ నిండిపోతాయి. వాడి సంగతి నేనే చూస్తాలే."

అక్టోబరులో ఒక సోమవారం లూయివిల్ జట్టు నుంచి ఫోనొచ్చింది. ఆ ఆదివారమే వాళ్ళకు అక్రన్‌తో ఆట. ఎందుకు పిలిచారో కెండ్రెల్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎదుటి జట్టు విసిరేసినవాడిని ఆ వారానికి తెచ్చుకునేది కాళ్ళ కోసం కాదు, నోటి కోసం. లూయివిల్ కోచ్ ప్రూయిట్ కిటికీ పక్కన కుర్చీ చూపించి, కాఫీ చేతికిచ్చి, పెన్ను తీశాడు.

"టిబ్స్ గురించి చెప్పు."

కెండ్రెల్ ఒక్క క్షణమైనా ఆగాడా? ఆగలేదు. ఆరు వారాలుగా నోట్లో నానబెట్టుకున్న మాట అది.

"ఎడమ బూటు లేసు తను కట్టుకోలేడు కోచ్."

ప్రూయిట్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పెన్ను పక్కన పెట్టేశాడు. ఇంక రాసుకోవాల్సింది ఏమీ లేదు.

"ముందు అతన్ని మైదానం లోపలికి లాగండి, తర్వాత అతని ఎడమకు తిప్పండి," అన్నాడు కెండ్రెల్. "తిరగలేడు."

ఆదివారం అక్రన్ మైదానంలో, అక్రన్ జనం ముందు, లూయివిల్ వాళ్ళు టిబ్స్‌ను మూడుసార్లు లోపలికి లాగి మూడుసార్లు ఎడమకు తిప్పారు. మూడోసారి అతను నిలువునా కూలాడు. పదకొండేళ్ళు చప్పట్లు కొట్టిన జనమే ఛీకొట్టారు. కూలినవాడు మోచేతి మీద లేచి, మైదానం గీత అవతల నిలబడిన కెండ్రెల్‌ను చూశాడు. ఆ చూపు కోసమే కెండ్రెల్ కాచుకుని ఉన్నాడు. తాపీగా వంగి, ఊడని తన ఎడమ బూటు లేసు ఊడదీసి, రెండు ముళ్ళు వేసి మళ్ళీ కట్టుకున్నాడు. అంతటి తీపి అతను పుట్టి ఎరగడు.

మంగళవారం అక్రన్ టిబ్స్‌ను సాగనంపింది. అదే మంగళవారం లూయివిల్ కెండ్రెల్‌ను కరివేపాకులా తీసి పక్కన పెట్టింది. బుధవారం హాస్కెల్ నుంచే ఫోనొచ్చింది. "కార్నర్ లేడు. వస్తావా? ఏడాది చివరిదాకా ఎలా ఆడతావో చూసి, వచ్చే ఏడాది సంగతి చెప్తా." కెండ్రెల్ ఎగిరి గంతేశాడు. టిబ్స్ బీరువా, టిబ్స్ బెంచీ, టిబ్స్ చోటు అతనివయ్యాయి. తెల్లారి లేచి ఆ బెంచీ మీద కూర్చోవడమే ఒక పండగ.

వెర్నీస్ ఫోనులో అడిగింది. "అతనికి పిల్లలున్నారట కదరా?"

"ఉంటే?"

"ఏం లేదు, అడిగాను. కాలు విరిగినవాడికి నోరుంటుందిరా. గుర్తుంచుకో."

కెండ్రెల్ నవ్వేశాడు. ఆరు ఆటలు బాగా ఆడాడు. డిసెంబరులో లూయివిల్‌తో రెండో ఆట పడింది, ఈసారి వాళ్ళ మైదానంలో. "ఇది గట్టెక్కించు, వచ్చే ఏడాది చోటు నీదే," అన్నాడు హాస్కెల్.

మైదానంలోకి రాగానే కెండ్రెల్ అవతలి గీత వైపు చూశాడు. ప్రూయిట్ పక్కన టిబ్స్ ఉన్నాడు. లూయివిల్ టోపీ, లేసుల్లేని బూట్లు. అతను ఏ కుర్చీలో కూర్చున్నాడో, కాఫీ ఎవరిచ్చారో కెండ్రెల్‌కు తెలుసు. ఏం చెప్పి ఉంటాడు? నాకేం రోగం, తుంటి ఉక్కులా ఉంది, అనుకున్నాడు.

ఆఖరి రెండు నిమిషాల దాకా లూయివిల్ అతని వైపు ఒక్క బంతీ విసరలేదు. అక్రన్ నాలుగు పాయింట్లు ముందుంది. కెండ్రెల్‌కు ధైర్యం వచ్చింది. ఎదుటివాడు దగ్గర్లో పడే బంతికే వస్తాడని వాడి నిలుపు చూసి పసిగట్టాడు. దూకి లాక్కుంటే ఆట అక్కడితో సరి. దూకాలనుకున్నాడు. అనుకుని, ఎందుకో గీత వైపు ఒక్కసారి చూశాడు.

టిబ్స్ అతన్నే చూస్తున్నాడు. తాపీగా ఎడమ చెయ్యి పైకెత్తి, కుడిచేత్తో ఆ ఉత్త మణికట్టు మీద లేని పట్టీని లాగాడు.

కెండ్రెల్ తల దించి చూసుకున్నాడు. అతని వేళ్ళు గ్లౌజు పట్టీ మీదే ఉన్నాయి, బిగించి లాగి ఉన్నాయి. అప్పటికే బంతి కదిలింది. ఎదుటివాడు ఆగినట్టే ఆగాడు, కెండ్రెల్ కాళ్ళు దూకేశాయి, వాడు పక్కనుంచి గాలిలా సాగిపోయాడు.

వెనక ఎవరూ లేరు.