సంబంధాల సదానందం, నదికి అటు కప్పలు

సదానందం పెళ్లి సంబంధాలు కుదురుస్తాడని వరంగల్ దుకాణదారులంతా అనుకుంటారు. నన్నడిగితే చెడగొట్టడంలోనే ఆయన చెయ్యి తిరిగింది. "హన్మకొండోళ్లా? వద్దు సేటూ. పొద్దెక్కితే గాని షట్టర్ లేపరు, మాట్లాడితే సగం ఇంగ్లీషు. మన పిల్ల ఆడ బతుకది" అని ఇక్కడ చెప్పేవాడు. హన్మకొండ వెళ్లి, వరంగల్ వాళ్లకు బేరం తప్ప మర్యాద తెలియదనేవాడు. ఇలా ముప్పై ఏళ్లు పుల్లలు పెట్టి, రెండు చోట్లా టీ తాగాడు మహానుభావుడు.

ఇంతలో ఆయన కొడుకు రాకేష్‌కు ముప్పై ఆరేళ్లొచ్చాయి. బంగారంలాంటి పిల్లాడు. కానీ వరంగల్‌లో వాళ్ల కులంలో మిగిలిన నాలుగిళ్ల ఆడపిల్లలూ వరసకు చెల్లెళ్లే అయ్యారు. గత్యంతరం లేక సదానందం మొన్న కొడుకును వెంటబెట్టుకుని హన్మకొండలో గిన్నెల దుకాణం వీరభద్రం ఇంటికి వెళ్లాడు. వీరభద్రం కూతురు మానసకు రాకేష్ నచ్చాడు కూడా.

"పిలగాడు మంచోడే సదానందమన్నా" అన్నాడట వీరభద్రం. "కానీ వరంగల్ సంబంధం వద్దని మా బాపుకు నువ్వే చెప్పినవ్, ఆయన అదే మాకు చెప్పి పోయిండు. పోయిన మనిషి మాట ఎట్ల దాటుత?"

సదానందం తిరిగొచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. నేను పక్కింటిదాన్ని, జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని. జాలి పడాల్సింది, ఒళ్లు మండింది.

"మేడమ్, అంత ఒక్క తీరు మనుషులమే కద. ఎందుకిట్లయింది?"

"కప్పలకు గూడ ఇట్లనే అయితదన్నా" అన్నాను. ఒకే రకం కప్పల నడుమ నది అడ్డం వస్తుంది. ఇటువి అటు పోవు, జతకట్టవు. వేల తరాలకు ఒక ఒడ్డున కప్పల అరుపు మారుతుంది, ఇంకో ఒడ్డున జతకట్టే కాలం మారుతుంది. తర్వాత నది ఎండి ఎదురుపడ్డా, ఆ అరుపుకు ఈ ఆడకప్ప తల తిప్పదు. ఒక్క జాతి రెండయినట్టే. "నదికి వేల ఏండ్లు పట్టిన పని నువ్వు సిటీబస్సు తిరిగే తొవ్వల చేసినవ్."

ఆయన మొహం కాస్త వెలిగింది. "అంటే మాది కొత్త జాతి అయితాంది."

"గుంపు పెద్దగుంటే కావచ్చు. మరీ చిన్నదైతే, చాలాసార్లు ఆడికే ఖతమైతది."

సదానందం నమ్మనట్టు చూశాడు. అప్పుడే వచ్చి అరుగు ముందు బండి స్టాండు వేస్తున్న రాకేష్, తండ్రి వైపు తిరగలేదు.

"నిజమే బాపూ" అన్నాడు. "మనింట్ల నాతోనే ఖతం."