సంచిలో మారిన పంపర పనస

ఇది అక్షరాలా నిజం. యారాడ కొండ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఆ కొండ కదిలిన రోజున నా మాట అబద్ధమనుకోండి. కొండ ఇవాళ్టికీ అక్కడే ఉంది, వెళ్లి చూసుకోవచ్చు.

డెబ్బైల చివర్లో నేను పోర్టులో క్రేన్ నడిపేవాణ్ణి. ఇనుపతాడు మూలుగు వింటే చాలు, కొక్కానికి వేలాడే సరుకు ఎన్ని టన్నులో చెప్పేసేవాణ్ణి. తూకంలో తేడా వస్తే కాటానే బాగుచేయించేవారు. అలాంటి నన్ను ఒక పండు ఓడించింది.

ఆ ఏడు మా అక్కకు కామెర్లొచ్చాయి. కంచరపాలెంలో మా ఇంట్లోనే ఉండేది. జబ్బు తగ్గింది కానీ నోటికి రుచి తిరిగి రాలేదు. గంజి చూస్తే ముఖం తిప్పుకునేది, బత్తాయి రసమిస్తే "సేదురా" అనేది. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. సీతమ్మధార డాక్టరుగారు, "పండో ఫలమో, ముందు ఏదో ఒకటి తినిపించవయ్యా" అన్నారు.

మర్నాడు పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి పోయాను. ఒక మామ్మ గోనెపట్టా మీద ఫుట్‌బాళ్లంతేసి కాయలు పోసుకుని కూర్చుంది. నాకు నిమ్మ తెలుసు, దబ్బ తెలుసు. ఇవి తెలియవు.

"ఇదేటి మామ్మా, గుమ్మడికాయా?"

"పంపర పనస బావూ. నిమ్మకాయకి పెద్దమ్మనుకో. జబ్బుపడి లేసిన నోటికి బాగుంటది."

కుప్పలో అన్నిటికన్నా పెద్దది తీశాను.

"అదొద్దు. అంతా తొక్కే."

"ఓడ సరుకు తూసీవోణ్ణి, నాకు సెప్తావేటి?"

"అయితే అట్టుకుపో" అని నవ్వింది.

ఇంటికొచ్చి ఒలిచాను. తొక్క కింద బెండు, బెండు కింద మళ్లీ బెండు. ఒక దశలో చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. చివరికి దొరికింది ఎండిన నిమ్మకాయంత ముద్ద.

అక్క మంచం మీంచి చూసి, "పండు తెమ్మంతే తలగడ తెచ్చినావేట్రా?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మళ్లీ మార్కెట్‌కి పరిగెత్తాను. మామ్మ దెప్పలేదు. "కల్లు మూసుకో. తెరిసుంటే పెద్దదే కావాలంటావు" అని రెండు చేతుల్లో రెండు కాయలు పెట్టింది. ఒక చెయ్యి కిందికి దిగింది. కళ్లు తెరిస్తే ఆ చేతిలో ఉన్నది రెండింట్లో చిన్నది.

"రసముంటే బరువుంటది. ఇప్పుడు నువ్వేరు."

ముచ్చికకు పచ్చని ఆకు ఒకటి అంటుకుని ఉన్న కాయను ఏరాను. ఆమె సంచిలో వేసి ఇచ్చింది.

ఇంట్లో కొయ్యగానే గది వాసనతో నిండిపోయింది. లోపల గులాబిరంగు తొనలు. పొర తీసి, ఉప్పూ కారం అద్ది అక్క నోట్లో పెట్టాను. నమిలింది. మింగి, నావైపు తిరిగింది.

"ఇంకో తొన తియ్యరా" అంది. సగం పండు అయ్యాక, "ఎవులేరినారు?" అని అడిగింది.

"నానే" అన్నాను.

ఇక ఒప్పుకోలు. క్రేనూ మోచెయ్యీ జగమెరిగిన నిజాలు, వాటి జోలికి పోకండి. అబద్ధం ఆ "నానే" ఒక్కటే. ఆ రోజు తిరిగొస్తూ దారిలో, సంచి పట్టిన చెయ్యి లాగేస్తోందేమిటా అని తీసి చూశాను. కాయకు ఆకు లేదు. నేను డబ్బులకని జేబు తడుముకున్న ఆ కాస్తలోనే మామ్మ కాయ మార్చేసింది. నా గొప్పను మాత్రం ముట్టుకోకుండా నాకే ఉంచేసింది.