జేజి చెప్పిన తప్పు జవాబు

నేను నాలుగో తరగతి చదివే చిన్నప్పటి మాట ఇది. తొంభైల చివర్లో కంబదూరు దగ్గరి మా ఊరికి సర్వే కాగితాలు పట్టుకుని ఒక అక్క వచ్చింది. జబ్బుల గురించి జనానికి ఏం తెలుసు, విన్నది ఎంత గుర్తుంటుంది అని ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకునేది. ఆమె మా ఇంటికి వచ్చిన పొద్దు, ఏడాది నిండని మా తమ్ముడు రెండు రోజుల విరేచనాలతో అమ్మ ఒళ్లో వాడిపోయి ఉన్నాడు. నాయన చెనక్కాయ చేనికి పోయినాడు.

జవాబులు చెప్పడానికి మా నాయన తల్లి, మా జేజి, అరుగు మీద కూర్చుంది. అక్క ఐదు మాటలు చదివి తిరిగి చెప్పమంటే ఐదూ తడుముకోకుండా అప్పజెప్పింది. నాకు గర్వమేసింది. తర్వాత అక్క, పిల్లలకు విరేచనాలైతే నీళ్లు తాపాలా, ఆపాలా అని అడిగింది.

"ఆపల్ల. తాపితే ఇంకా పోతాయి కదా పాపా. నిన్నట్నుంచి మావోనికి చుక్క తాపలే."

అక్క రాసుకుంది. తలెత్తి తమ్ముణ్ణి చూసింది. వాడు ఏడుస్తున్నాడు గానీ కంట్లో తడి లేదు. అడగడమే తప్ప ఏదీ నేర్పకూడదని ఆమెను పంపినవాళ్లు గట్టిగా చెప్పారట.  అయినా ఆమె కాగితాలు అరుగు మీద పడేసి లేచి, ఉప్పు, చక్కెర అడిగింది. తన సీసాలోని కాచిన నీళ్లలో కొలిచి కలిపింది.

అమ్మ బిడ్డను గుండెకు అదుముకుని జేజి వైపు చూసింది.

"నీళ్లు పడితే పిల్లోడు దక్కడు," అంది జేజి.

"పట్టకపోతేనే దక్కడు అవ్వా!" అంది అక్క.

 జేజి వంగి, తడి లేని వాడి కళ్లు చూసింది. చివరికి అమ్మతో, "తాపు," అంది.

మొదటి చెంచాలు కక్కేశాడు. అమ్మ కేక పెట్టింది. అక్క కాసేపు ఆగి మళ్లీ చెంచాతో కొంచెం కొంచెంగా పోసింది. మధ్యాహ్నానికి వాడి పక్కగుడ్డ ఉచ్చతో తడిసింది. ఆ తడిని చేత్తో తడిమి చూసుకుని జేజి ఏడ్చింది. సాయంత్రం కంబదూరు ఆసుపత్రికి తీసుకుపోయినాం. బతికినాడు.

ఆసుపత్రికి బయలుదేరేముందు, అక్క మొహమాటపడుతూ నీళ్లు ఆపాలన్న ఆ జవాబు కొట్టేస్తానంది. జేజి ఆమె చెయ్యి పట్టుకుంది.

"కొట్టేయొద్దు. నేను చెప్పింది చెప్పినట్టే ఉండనీ. మాకు తెలీదని తెలిస్తేనే కదా, చెప్పేదానికి ఎవురన్నా వచ్చేది."

కోడలి ముందు ఎన్నడూ తగ్గని మనిషి, ఆ పూట కోడలి ముందే ఆ మాట అంది.

ఇప్పుడు నేను పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నాకు రానిది ఎవరైనా అడిగితే, క్లాసు మొత్తం వినేలా, "నాకు తెలీదు, కనుక్కుని రేపు చెప్తా," అంటాను.