ఉడుంపట్టు, టైలర్ గుండీ

మా మేనత్తకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటి మనిషి ఇరవై ఆరేళ్లుగా పసిపిల్లలకి ఎలా చదువు చెబుతోందని అందరూ నన్ను అడుగుతారు, ఆమె తరగతి గదిలో సాయంగా ఉండేది నేనే కాబట్టి. పిల్లల దగ్గర అత్త కోపం బయటికి రాదు. మిగిలిందంతా నాకూ పిల్లల తల్లిదండ్రులకీ పంచుతుంది.

బడులు తెరవడానికి నెల ముందు, ఒకటో తరగతికి వెళ్లబోయే పిల్లల కోసం అత్త 'పెద్ద బడి ఆట' మొదలుపెడుతుంది. పాత కళ్లజోడు పెట్టుకుని, గొంతు మార్చి, హాజరు పిలుస్తుంది. టిఫిన్ డబ్బా మూత తీసే పందెం పెడుతుంది. ఏ బూటు ఏ కాలిదో తెలియడానికి చేప బొమ్మని సగానికి కత్తిరించి ఒక్కో బూటులో ఒక్కో ముక్క అంటిస్తుంది. రెండు బూట్లూ పక్కపక్కన పెడితే చేప కుదరాలి. తల స్థానంలో తోక వచ్చిందంటే గదంతా ఒకటే నవ్వు.

అన్నిటికంటే కష్టమైనది 'వెళ్లొస్తా ఆట'. ఒక పిల్ల అమ్మ అవుతుంది, లేదా నాన్న. "వెళ్లొస్తా" అని చెప్పి వరండాలోకి వెళ్లిపోతుంది. నేను గరిటెతో పళ్లెం మీద గంట కొట్టగానే తిరిగొస్తుంది. ఈలోగా లోపలివాళ్లు ఆడుకుంటూ ఉండాలి.

టైలర్ కూతురికి ఈ ఆటే గిట్టేది కాదు. వాళ్లమ్మ నర్సు, తెల్లారకముందే డ్యూటీకి వెళ్లాలి. అందుకని పిల్లని నాన్నే దింపేవాడు. అది ఆయన చొక్కా చివరి గుండీ పట్టుకుందంటే ఇక వదలదు. అందుకే అత్త దాన్ని 'ఉడుంపట్టు' అనేది. రోజూ గుండీ తెగేది, రోజూ ఆయన కుట్టుకునేవాడు. "టైలర్ని కాబట్టి బతికిపోయాను టీచర్" అనేవాడు. నవ్వేవాడే గానీ, దిగులు లోపల ఉండేది. పెద్ద బడిలో గేటు లోపలికి పెద్దవాళ్లని రానివ్వరు. పిల్ల వారం రోజులు ఏడుపు ఆపలేదని పోయినేడు తిప్పి పంపేశారు. ఈసారీ అలాగే పంపితే దానికి ఇంకో ఏడాది పోయినట్టే.

మూడు వారాలు అత్త తన విద్యలన్నీ చూపించింది. పిల్ల ఒక మూల కూర్చుని ఏడుస్తూ తలుపు కిందకే చూసేది. ఒకరోజు పొద్దున, ఆటలింకా మొదలవకముందు, దొర్లిపోయిన బంతి కోసం నేల మీద పడుకుని నేనూ అటే చూశాను. తలుపు కింద సందులోంచి రెండు చెప్పులు కనిపించాయి. అవి టైలర్‌వి.

అత్త విసురుగా తలుపు తీసింది. "ఏంటండీ ఇది?"

"ఏడుపు ఆగాక వెళదామని, టీచర్..."

"మీరుంటే అది ఆపదు. అది ఆపేదాకా మీరు కదలరు. ఇక తెల్లారినట్టే! రండి లోపలికి."

ఆయన్ని పిల్లల కుర్చీలో కూర్చోబెట్టింది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఆయన మెడలోని టేపు తీసి కూతురి మెడలో వేసింది. "ఇవాళ నువ్వు నాన్నవి. ఈయన కొత్త పిల్లాడు."

ఉడుంపట్టు మెడలో టేపు సరిచేసుకుంది. "వెళ్లొస్తా, ఏడవకు. గంట కొట్టగానే వస్తా" అని వరండాలోకి వెళ్లింది.

ఆయన తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. కళ్లు నిండాయి. ఎవరో అరిచారు, "టీచర్, పెద్దబ్బాయి ఏడుస్తున్నాడు!"

అత్త కసిరితే గానీ నేను గంట కొట్టలేదు. పిల్ల పరుగున వచ్చి, "చెప్పాను కదా!" అని నాన్న ముఖం తుడిచింది. ఆ మర్నాటి నుంచి తలుపు కింద చెప్పులు కనిపించలేదు. ఉడుంపట్టు చేప బూట్లు కుదుర్చుకుంటూ కూర్చునేది.

బడులు తెరిచిన రోజు "నాకేం పని అక్కడ?" అన్న అత్తే నన్ను వెంటేసుకుని పెద్ద బడి ఎదురుగా నిలబడింది. గేటు దగ్గర పిల్ల అలవాటుగా గుండీ పట్టుకుంది. కాసేపటికి తనంతట తనే వేళ్లు వదిలింది.

"ఏడవకు నాన్నా. గంట కొట్టగానే వస్తా."

వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. టైలర్ అక్కడే నిలబడి గుండీని తిప్పుతూ తిప్పుతూ ఉన్నాడు. చివరికి అది ఆయన చేతిలోకే ఊడి వచ్చింది.

అత్త రోడ్డు దాటి వెళ్లింది. "టైలరై ఉండి గుండీ కూడా గట్టిగా కుట్టుకోలేరా?" అంది. గొంతులో కోపం నిలవలేదు.

ఆయన గుండీని జేబులో వేసుకున్నాడు. "సాయంత్రం అది వచ్చాక కుట్టుకుంటాను టీచర్."