ముద్ద మందారానికి రేక కొమ్మ

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది సంగతి. రాజమండ్రిలో మొక్కల డీఎన్ఏ పరీక్షించే చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కడియం నుంచి వీర్రాజు గారనే నర్సరీ యజమాని మందార ఆకులు కవర్లలో పట్టుకొచ్చారు. వెనకాలే మరియమ్మ గారు. ఇరవై ఏళ్లుగా ఆ నర్సరీలో కొమ్మలు కోసి కవర్లలో నాటేది ఆవిడే.

“ముద్ద మందారాలని లారీ ఎక్కిస్తే, కొనుక్కున్నవాళ్ల తోటలో కొన్ని రేక మందారాలు పూశాయండి. ఈవిడే కలిపేసింది,” అన్నారాయన.

“కలపలేదండి. పచ్చగుడ్డ కట్టిన తల్లి మొక్కవే కోశాను,” అన్నారావిడ. తల్లి మొక్కకి ఏ రంగు చీరపీలిక కడితే, దాని కొమ్మలు నాటిన మడికీ అదే కడతారట. అప్పటికే వీర్రాజు గారు ఆవిడ చేతిలోంచి కత్తెర లాగేసుకుని మట్టి మోసే తట్ట ఇచ్చారు. “చర్చిలో కూడా అడుగుతున్నారండి, ఏం చేశావని,” అంటూ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

నిజం చెప్పాలంటే నేనూ ఆవిడదే పొరపాటనుకున్నాను. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ చేశాను, అంటే మొక్క వేలిముద్ర తీయడం. ముద్దవీ, రేకవీ, తల్లిదీ ఒకే ముద్ర! ట్యూబులు తారుమారు చేశానేమోనని నన్ను నేనే తిట్టుకుని మళ్లీ చేశాను. అదే వచ్చింది. అంటే అన్నీ ఆ తల్లి కొమ్మలే.

కడియం వెళ్లాను. తల్లి మొక్కకి ఒక్క పువ్వూ లేదు.

“మొగ్గ కనబడితే గిల్లేస్తామండి, బలం కొమ్మకి పట్టాలని,” అన్నారు మరియమ్మ గారు. ఏళ్ల తరబడి అది పూయగా చూసినవాళ్లే లేరు. ఈసారి గిల్లొద్దన్నాను.

కొన్ని వారాలకి మరియమ్మ గారి ఫోన్. “అమ్మా, ఒక్కసారి రండమ్మా!”

వెళ్లి చూశాను. మొక్క నిండా ముద్ద మందారాలు. తూర్పు వైపు కొమ్మకి మాత్రం అయిదు రేకుల పూలు, మధ్యలో పొడవాటి కేసరాల కాడతో. ఆ కొమ్మ నుంచి కోసి నాటినవే రేక మందారాలు పూశాయన్నమాట.

ఆకుల్ని పెద్ద ల్యాబ్‌కి పంపితే అసలు కథ తెలిసింది. మొక్కల్లో ఒక జన్యువు ఎప్పుడో రెండు కాపీలవుతుంది. ఎక్కువసార్లు ఒకటి పాడై మూగబోతుంది. కొన్నిసార్లు రెండూ పని పంచుకుంటాయి, అరుదుగా ఒకటి కొత్త పని నేర్చుకుంటుంది. ఇక్కడ పని పంచుకున్న జంటలో ఒకదాని మధ్య డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి ఇరుక్కుంది. దాంతో కేసరాలు కావలసినవి రేకులై ముద్ద మందారమైంది. రెండో కాపీ మాత్రం పువ్వు నడిమధ్య కాయ కట్టే భాగాన్ని చేస్తూనే ఉంది. తూర్పు కొమ్మలో ఆ ముక్క దానంతటదే ఊడిపోయింది, మొదటి కాపీ మళ్లీ పనిలో పడింది. వేలిముద్ర పరీక్ష చూసేది డీఎన్ఏలో కొన్ని చోట్లే కాబట్టి ఈ తేడా అందులో పడలేదు. మనుషులు పుట్టకముందు మొదలైన ఏర్పాటు కడియం మడిలో కళ్లెదుట జరుగుతోంది! ఆ రోజంతా నాకు మరో పని తోచలేదు.

మడి గట్టునే కూర్చుని ఇద్దరికీ చెప్పాను.

“అయితే ఆ రెండోది ఇన్నాళ్లూ దాని పని అది చేసుకుంటూనే ఉందాండి?” అని అడిగారు మరియమ్మ గారు.

“ఉందండి.”

“ఎవరూ చూళ్లేదంతే,” అన్నారావిడ.

వీర్రాజు గారు తల దించుకున్నారు. “చూడకుండా మాట అనేశాను మరియమ్మా,” అని కత్తెర తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఆ నర్సరీలో ప్రతి తల్లి మొక్కలో ప్రతి కొమ్మకీ ఒక మొగ్గ వదిలేస్తారు. ల్యాబ్‌కి ఎవరు తగువుతో వచ్చినా, నేను ట్యూబు ముట్టుకోకముందే ఒకటి అడుగుతాను: “దాన్ని పూయనిచ్చారా?”