మా టెంట్‌లో గొర్రెపిల్లలు

ఈ రోజు మధ్యాహ్నం కొమరోలు అవతల, వానలకు కోసుకుపోయిన ఎర్రమట్టి దిబ్బల మధ్య నేనూ మా ఆవిడా కొత్త టెంట్ వేసుకున్నాం. రాత్రికి అక్కడే ఉండాలనుకున్నాం. ఇంతలో గాలీవానా మొదలైంది. గొర్రెలు కాసే ఒకావిడ పొద్దున పుట్టిన గొర్రెపిల్లను చంకనెత్తుకుని, మిగతా పిల్లలను తోలుకుంటూ మా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

“అన్నా, మీరు బయటికి రాండి. మీరు తడిస్తే ఆరుతారు, ఇవి తడిస్తే చచ్చిపోతాయి” అంది.

బయటికొచ్చి, పిల్లలన్నిటినీ లోపలికి తోలాం. టెంట్ ఎగిరిపోకుండా ఆవిడ తాడు పట్టుకుని నిలబడింది.

“నువ్వన్నా లోపలికి పో అక్కా,” అంది మా ఆవిడ.

“నేను పోతే ఒక పిల్లకు చోటు తగ్గుతాది” అని నవ్వింది.

ఒక్క పిల్లా తడవలేదు. మేమే ముద్దయిపోయి సాయంత్రానికి ఇల్లు చేరాం. మా ఆవిడ తుమ్ముతూనే ఆమెను తలుచుకుంటోంది.

టెంట్‌లో గొర్రె వాసన పోయే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి. తొందరేమీ లేదు.