రోజుకో అధ్యాయం, రోజుకో నూనె

అచ్చులో ఉన్నదంతా నిజమనీ, అచ్చుకెక్కనిదంతా అజ్ఞానమనీ నమ్మే వయసు ఒకటుంటుంది. నాకది పంతొమ్మిదో ఏట వచ్చింది. డిగ్రీ మధ్యలో ఆగిపోయిన రోజులవి (ఆపింది నేనా, కాలేజీయా అన్నది ఇప్పుడు అప్రస్తుతం). రోజూ మల్కాపురంలో బస్సెక్కి గ్రంథాలయానికి వెళ్లి, తెరిచిందే తడవు ఫ్యాను కింద కుర్చీ పట్టేవాణ్ణి. నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. ఆ ఏడు వైద్య పరీక్షలో ఆయన రక్తంలో కొవ్వు ఎక్కువుందని తేలింది. రెండు నెలలాగి మళ్లీ చూస్తామనీ, అప్పటికీ తగ్గకపోతే క్రేను దింపి కింద పని ఇస్తామనీ చెప్పారు. ఆ పూట నాన్న కంచం ముందు కూర్చుని, "కింద నుంచి సూత్తే ఓడ ఎలాగుంటాదో నాను మర్సిపోనాన్రా" అన్నాడు. అంతే, ఆయన్ని క్రేను మీదే ఉంచే బాధ్యత నా చదువు మీద వేసుకున్నాను.

గ్రంథాలయంలో నూనెలు, కొవ్వుల మీద ఇటుకంత పుస్తకం దొరికింది. దాన్ని ఇంటికివ్వరు, అక్కడే చదవాలి. అందుకని రోజుకో అధ్యాయం చదివేవాణ్ణి. నేను చేసిన ఘనకార్యమల్లా, ఏ రోజు చదివింది ఆ సాయంత్రమే ఇంట్లో అమలు పెట్టడం. పేరుకునే కొవ్వులు మంచివి కావని చదివిన రోజున నెయ్యి డబ్బా అటకెక్కింది. పొద్దుతిరుగుడు నూనె గుండెకు మేలని చదివిన రోజున అమ్మ వాడే వేరుశనగ నూనె, నువ్వుల నూనె మంచం కిందికి పోయాయి. మర్నాటి అధ్యాయంలో ఒక్క పొద్దుతిరుగుడునే నమ్ముకోవడమూ మంచిది కాదని ఉంది. దాంతో అదీ మంచం కిందికే వెళ్లి, తవుడు నూనె వచ్చింది. ఆ తర్వాత అసలు నూనె తక్కువైతే అంత మంచిదని చదివి, వంకాయల్ని ఉప్పునీళ్లలో ఉడికించమన్నాను. అమ్మ అలాగే ఉడికించి పెట్టింది. నాన్న మాత్రం కంచం ముందు కూర్చుంటూ, "ఏరా, ఇయాల్టి పేజీలో అన్నం ఉందా, నేదా?" అని అడిగేవాడు.

శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. కాబట్టి ఆ రోజు ఇంట్లో కొత్త చట్టాలుండవు. అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం, నాన్న డ్యూటీ దిగొచ్చాక, అమ్మ బట్టలు తడపబోతూ ఆగి, నాన్న ఖాకీ చొక్కా జేబును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఒరే, ఇలారా. వాసన సూడు."

చూశాను. చెమట, బొగ్గు దుమ్ము, ఏదో జిడ్డు. "నూనె" అన్నాను, పండితుడిలా.

"ఏ నూనె?"

ఆ అధ్యాయం నాకింకా రాలేదు.

"పామాయిలు" అంది అమ్మ. "ఇయాల్టి కొత్త నూనె కాదు. మొన్నటి దాని మీద నిన్న పోసీసి, నిన్నటి దాని మీద ఇయాల పోసీసి కాసినారు. పునుగులేసినారు. ఉల్లిపాయి మాడ్సినారు." తర్వాత గుమ్మం వైపు తిరిగి, "ఏటండీ, ఎన్ని తిన్నారు?" అని అడిగింది.

నాన్న పేపరు దించాడు. "రొండే."

"రొండిటికి జేబు ఇంత తడవదు."

"డజను" అన్నాడు నాన్న, పోలీసు ముందు నిలబడ్డ మనిషిలా. "రోజూ పోర్టు గేటు కాడ బండి మీద. మరేటి సెయ్యమంటావు? ఈ గుంటడు ఇంట్లో అన్నం తిన్నిత్తే కదా!"

క్రేను నుంచి నాన్నను దింపుతున్నది ఆ పునుగుల బండి కాదు, నేనే. అయినా సిగ్గు కంటే ముందు నన్ను పట్టుకున్నది ఆశ్చర్యం. ఆనందపురం దగ్గర పల్లెలో, గానుగ పక్కింట్లో పెరిగిన అమ్మ అక్షరం కూడబలుక్కుని చదివేది. ఆ అమ్మే ఒక మరకలో మూడు రోజుల చరిత్ర చదివేసింది.

ఆ సాయంత్రం మంచం కింద ఉన్నవన్నీ అమ్మే బయటికి తీసింది. తాలింపుకి చెంచాడు వేరుశనగ నూనె, చేపల పులుసుకి నువ్వుల నూనె, సీసా అయిపోతే ఈసారి తవుడుది. నెయ్యి ఆదివారం మాత్రం, వేలికొసంత. ఒకసారి అప్పడాలు వేగిన నూనెలో మళ్లీ ఏదీ వేయించేది కాదు. నాన్న డబ్బాలో పునుగులకు బదులు వేయించిన పల్లీలు గుప్పెడు పెట్టింది. శనివారం నేను వెళ్లి, తెగించి, పుస్తకం చివరి అధ్యాయం తీశాను. నూనెలు మార్చి మార్చి వాడండి, కొలత తగ్గించండి, కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి, గింజలు తినండి. అంత లావు పుస్తకం ఎక్కెక్కడో తిరిగి, చివరికి మా వంటింట్లోకే వచ్చి ఆగింది. అమ్మ చేసినవే, కాకపోతే కష్టమైన మాటల్లో.

రెండో పరీక్షలో కొవ్వు దిగింది. నాన్న క్రేను మీదే ఉండిపోయాడు. ఆ కబురు తెలిసిన రోజు అమ్మ వీధి గుమ్మంలో నిలబడి, కుళాయి దగ్గరున్న వాళ్లందరికీ వినబడేలా, "మావోడు పుస్తకాలు సదివీసి ఆళ్ల నాన్నని కాపాడుకున్నాడు" అంది. నేను ఛాతీ విరుచుకుని, ఆ మాటకు అడ్డు చెప్పకుండా, పక్కింటావిడ అడిగితే రెండు సలహాలు కూడా ఇచ్చాను. పాతికేళ్లయింది. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అమ్మకిప్పుడు వినికిడి తగ్గింది. ఆ మెప్పు నాది కాదని చెప్పడానికి ఈమధ్య రెండుసార్లు ఆమె పక్కన కూర్చున్నాను. రెండుసార్లూ నా మాటల్లో పుస్తకం అన్నదొక్కటే చెవిన పడి, "ఇంకా సదవతన్నావా నాయనా?" అని మురిసిపోయింది.